విండోస్ 11 వేస్తుంటే ఎస్‌ఎస్‌డీ కనబడట్లేదు, బయోస్‌లో మాత్రం ఉంది

తెనాలి టీచర్:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ల్యాప్‌టాప్ 12వ తరం ఐ5, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. విండోస్ బాగా మొరాయిస్తోందని మళ్ళీ ఫ్రెష్‌గా వేద్దామని మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ చేశాను. భాష, కీబోర్డు అన్నీ సాఫీగా అయ్యాయి. విండోస్ ఎక్కడ వెయ్యాలో అడిగే తెర మాత్రం ఖాళీ. షిఫ్ట్ ఎఫ్10 నొక్కి డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ కొడితే పెన్‌డ్రైవ్ ఒక్కటే వస్తోంది. బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు శుభ్రంగా ఉన్నాయి. షాపతను విప్పి చూడకుండానే "ఎస్‌ఎస్‌డీ పోయింది మేడం, కొత్తది వెయ్యాలి" అన్నాడు. పాత విండోస్ ఇప్పటికీ ఆన్ అవుతోంది మరి! పోయిన డ్రైవ్ మీద అదెలా నడుస్తుంది? ఫైళ్ళన్నీ వేరే డిస్క్‌లోకి తీసేశాను, చెరిగిపోయినా బాధ లేదు.

గేమర్ తమ్ముడు:
అక్కా, బయోస్‌లో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్) ఆఫ్ చేసెయ్యండి. పనైపోతుంది.

రిపేర్ బెంచ్:
టీచర్ గారూ, మీ లెక్క కరెక్టు. డబ్బులు దండగ, కొత్తది కొనకండి.

11వ తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు వీఎండీ ఆన్‌లో ఉండే వస్తున్నాయి. మీ ఎస్‌ఎస్‌డీ ఆ కంట్రోలర్ వెనకాల ఉంటుంది. పాత విండోస్‌లో కంపెనీవాళ్ళే దాని డ్రైవర్ వేసి పంపారు. మీ పెన్‌డ్రైవ్‌లో అది లేదు, అంతే సంగతి.

ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్ కొట్టి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ (ఆర్‌ఎస్‌టీ) డ్రైవర్ దించుకోండి. సగం మంది ఇక్కడే ఇరుక్కుంటారు. వచ్చేది ఈఎక్స్‌ఈ ఫైలు, దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేస్తే సెటప్ కన్నెత్తి కూడా చూడదు. దానికి కావాల్సింది ఐఎన్‌ఎఫ్ ఫైలు (డ్రైవర్ వివరాలుండేది) ఉన్న ఫోల్డర్. ఇంటెల్ వారి సెటప్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైలు పేరు పక్కన మైనస్ ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని, తర్వాత ఫోల్డర్ పేరు కొట్టండి, విడదీసి ఇస్తుంది. కొన్ని కంపెనీల ప్యాకేజీలు విడదీయడానికి సెవెన్ జిప్ సాఫ్ట్‌వేర్ చాలు. ఆ ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ఖాళీ తెర దగ్గర లోడ్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్‌లో చూపించండి. లిస్టులో ఏమీ రాకపోతే మీ ప్రాసెసర్‌కి సరిపడని డ్రైవర్ దించుకున్నారన్నమాట.

తమ్ముడు చెప్పినట్టు వీఎండీ ఆఫ్ చేసినా డ్రైవ్ కనబడుతుంది, కాదనను. కానీ ఆ తర్వాత పాత విండోస్ నీలి తెర వేసి ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సౌకర్యం) ఉంటే రికవరీ కీ కూడా అడగొచ్చు. పైగా కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ఆప్షనే దాచేస్తారు. ఏసర్‌లో కొన్నిటికి బయోస్ మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్ ఎస్ నొక్కితే గానీ బయటికి రాదు.

తెనాలి టీచర్:
చేశానండీ. లిస్టులో ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ 467ఎఫ్ అని వచ్చింది, నెక్స్ట్ కొట్టగానే పార్టిషన్లన్నీ వరసగా దిగాయి. ఇన్‌స్టాల్ నడుస్తోంది. టచ్‌ప్యాడ్ మాత్రం కదలట్లేదు, ట్యాబ్ కీతో నెట్టుకొస్తున్నాను. అదీ పోయిందంటాడేమో షాపతను!

రిపేర్ బెంచ్:
అది ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్ లేక అయ్యుంటుంది. ఇన్‌స్టాల్ అయ్యాక అదే సపోర్ట్ పేజీలో దొరుకుతుంది. ఈలోపు యూఎస్‌బీ మౌస్ పెట్టుకోండి. వైఫై డ్రైవర్ కూడా ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచుకోండి, కాసేపట్లో విండోస్ నెట్ అడుగుతుంది.