పద్మనాభం వరి పొలాల నీటి అవసరాన్ని ఉపగ్రహంతో లెక్కించవచ్చా?

ప్రశ్న:
ఎండలు పెరిగేకొద్దీ విశాఖపట్నం దగ్గరి పద్మనాభం మండలంలో వరికి నీటి అవసరం ఎలా మారుతోందో తెలుసుకోవాలనుకుంటున్నాను. నాసా ఉపగ్రహాలపై ఉన్న మోడిస్ పరికరం ఇచ్చే ఎనిమిది రోజుల బాష్పోత్సేక (నేల నుంచి, పైరు నుంచి ఆవిరయ్యే నీటి) పటాలలో ఒక్కో గడి 500 మీటర్లు కావడంతో వరి మడి, జీడితోట, చెరువు గట్టు ఒకే అంకెలో కలిసిపోతున్నాయి. మార్గమేమిటి?

జవాబు 1:
ఆ పటాలు ఏళ్ల తరబడి ధోరణిని చూడటానికే పనికొస్తాయి. 1998లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ప్రచురించిన పద్ధతిలో ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, సౌరవికిరణాల నుంచి ప్రామాణిక బాష్పోత్సేకాన్ని (నీటి కొరత లేని పచ్చగడ్డి నుంచి ఆవిరయ్యే నీటిని) లెక్కగట్టి, దానిని పంట గుణకంతో, అంటే ఆ గడ్డికి ఎన్ని రెట్లు నీరు పంట నుంచి ఆవిరవుతుందో చెప్పే అంకెతో, హెచ్చించండి. మధ్యదశలో వరికి ఆ గుణకం సుమారు 1.2 కనుక, ప్రామాణికం రోజుకు 5 మిల్లీమీటర్లయితే వరికి 6, అంటే ఎకరానికి దాదాపు 24 వేల లీటర్లు కావాలి. మడిలో ఇంకే నీరు దీనికి అదనం. పైరు ఏ దశలో ఉందో ఐరోపా ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల గడితో చూపిస్తాయి.

జవాబు 2:
ఖరీఫ్‌లో మబ్బులు ఆ చిత్రాలను మింగేస్తాయి కాబట్టి, మేఘాలను దాటి చూసే సెంటినెల్-1 రాడార్‌ను కూడా జోడించండి. దమ్ము పట్టి నీరు నిలిపిన మడి అందులో నల్లగా కనిపించి, దుబ్బు కట్టేకొద్దీ తెల్లబడుతుంది. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. మనల్ని వేధించే ఈ సముద్రపు ఉక్కపోత పైరు నుంచి ఆవిరయ్యే నీటిని కొంత తగ్గిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
తేమ సంగతి నా లెక్కలో లేనే లేదు. ముందు దానిని సరిచేస్తాను.