ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి పెద్ద వీడియోలు: వైఫైని నమ్మొచ్చా, కేబులే దిక్కా?

తెనాలి ఎడిటర్:
మేం పెళ్లి వీడియోలు చేస్తాం. పెద్ద కెమెరాతో పాటు మా కుర్రాళ్లు ఫోన్లలో 4కే తీస్తారు. ఆ క్లిప్‌లన్నీ రాత్రికే ల్యాప్‌టాప్‌కి చేరాలి, పొద్దున్నే పెళ్లివారికి చిన్న రీల్ ఇవ్వాలి కాబట్టి. వైఫైలో పంపితే ఒకసారి చక్కగా వెళ్తుంది, ఇంకోసారి ఫోన్‌కి ల్యాప్‌టాప్ కనిపించనే కనిపించదు, కనిపించినా నత్తనడక. చిన్న క్లిప్‌లు ఎలాగోలా వచ్చేస్తాయి. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఆపకుండా తీసిన పెద్ద క్లిప్ మాత్రం చాలాదూరం వచ్చి ఫెయిల్ అవుతుంది, మళ్లీ మొదటి నుంచీ పంపాలి. యాప్‌లు మార్చి మార్చి విసుగొచ్చింది. ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ స్టూడియో రౌటర్ వైఫైలోనే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో జాగా లేక ఫైళ్లు నేరుగా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకే సేవ్ చేస్తున్నాం. మా పార్ట్‌నర్ కేబుల్ పెట్టేయమంటున్నాడు. మీరేమంటారు?

ఓరుగల్లు సర్వీస్:
మీ పార్ట్‌నర్ చెప్పిందే కరెక్ట్ అన్నా. పెళ్లి మళ్లీ జరగదు, ఆ ఫుటేజీని గాల్లో పంపుడేంది? మంచి డేటా కేబుల్ కొనండి. ఛార్జర్‌తో వచ్చే కొన్ని చవక కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు, అది చూసి కొనండి. ఫోన్లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' నొక్కితే అయిపోయె.

వైజాగ్ నెట్‌వర్క్స్:
కేబుల్ వద్దనను. కానీ ఎడిటర్ గారు చెప్పినవి మూడు వేరువేరు సమస్యలు: కనిపించకపోవడం, నెమ్మదిగా వెళ్లడం, మధ్యలో తెగిపోవడం. దేనికి దాన్ని విడిగా చూడకుండా యాప్ మారుస్తూ పోతే ఏదీ తగ్గదు, ఎందుకంటే కొత్త యాప్ కూడా అదే వైఫై మీద, అదే ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను అడ్డుకునే విండోస్ కాపలా) గుండా వెళ్లాలి.

ముందు కనిపించకపోవడం. ల్యాప్‌టాప్‌లో వైఫై 'పబ్లిక్' నెట్‌వర్క్‌గా పెట్టి ఉంటే విండోస్ దాన్ని మిగతా పరికరాలకు కనపడనివ్వదు. సొంత రౌటరే కాబట్టి సెట్టింగ్స్‌లో 'ప్రైవేట్' చేయండి. ఫోన్‌లో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ గుండా మళ్లించే యాప్) ఆన్‌లో ఉంటే ఆపండి. రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయ్యారేమో కూడా చూడండి. గెస్ట్‌లో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది కానీ చాలా రౌటర్లలో పక్కపక్కనున్న రెండు పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వరు. ఫంక్షన్ హాళ్ల వైఫైలోనూ తరచూ ఇదే కథ. లోకల్‌సెండ్ లాంటి ఫైళ్లు పంపే యాప్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) చేత్తో కొట్టి పంపి చూడండి. అలా వెళ్లిందంటే దారి బాగానే ఉంది, వెతుక్కోవడంలోనే తేడా ఉందని అర్థం.

నెమ్మది సంగతి. ఫోన్ రౌటర్‌కి పంపాలి, రౌటర్ మళ్లీ ల్యాప్‌టాప్‌కి పంపాలి. రెండూ ఒకే ఛానల్ మీద ఉంటే ప్రతి ముక్కా గాల్లో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది, స్పీడ్ దాదాపు సగమవుతుంది. పైగా మీ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంటే అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగే ఛానళ్లు మూడే (1, 6, 11), చుట్టుపక్కల షాపుల రౌటర్లు, బ్లూటూత్ అన్నీ అక్కడే తిరుగుతుంటాయి. ఒక్క యాంటెన్నాతో ఆ బ్యాండ్‌లో లింక్ 72 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైట్) చూపిస్తుంది, చేతికొచ్చేది సెకనుకి 5 ఎంబీ ఉంటే గొప్ప, అదీ సగమవుతుంది. 4కే వీడియో నిమిషానికి సుమారు 350 ఎంబీ. కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. వీలైతే ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలపండి, అప్పుడు గాల్లో ప్రయాణం ఒక్కసారే.

ఓరుగల్లు గారూ, ఒక మాట. టైప్ సీ పోర్ట్ ఉన్నంత మాత్రాన స్పీడ్ ఉన్నట్టు కాదు. ఇప్పటికీ చాలా ఫోన్లలో ఆ పోర్ట్ లోపల యూఎస్‌బీ 2.0నే, అది సెకనుకి 30-40 ఎంబీ దాటడం కష్టం. మంచి 5 గిగాహెర్ట్జ్ లింక్ దాన్ని దాటగలదు.

ఇక తెగిపోవడం. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, స్క్రీన్ ఆపి ఫోన్ కదలకుండా పడుంటే బ్యాక్‌గ్రౌండ్ పనులు ఆపేసే పద్ధతి ఉంది, కొన్ని కంపెనీలు దాని మీద ఇంకా కఠినంగా తమ సొంతం కలిపాయి. పంపే యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్ 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా చూసుకోండి. ఇంతకీ ఆ పెద్ద క్లిప్ ఎంత సైజు, ఎక్కడ ఆగుతోంది?

కడప కుర్రోడు:
రౌటర్ వదిలేసి ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్ కనెక్ట్ చేయండి సామీ, 5 గిగాహెర్ట్జ్ పెట్టుకుని. 2020 జూన్‌లో ఫైళ్లు పంపే షేర్ఇట్, జెండర్ (Xender) యాప్‌లు బ్యాన్ అయినప్పటి నుంచి నా పద్ధతి ఇదే. మొబైల్ డేటా మాత్రం ఆపేయండి, లేకపోతే విండోస్ అప్‌డేట్ మొదలై మీ ప్యాక్ మొత్తం తినేస్తుంది.

ఓరుగల్లు సర్వీస్:
స్పీడ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఇంత తతంగం ఎవరు చేస్తరు, అదీ రాత్రి ఒంటిగంటకు, అలసిపోయి వచ్చినంక? నా దగ్గరికి వచ్చేటోళ్లలో 'పంపిన' అనుకొని ఫోన్లోంచి డిలీట్ చేసి, తర్వాత ఫైల్ తెరుచుకోక ఏడ్చినోళ్లున్నరు. కేబుల్ అయితే ఫైల్ పోయిందా రాలేదా కళ్లముందే కనిపిస్తది.

వైజాగ్ నెట్‌వర్క్స్:
డిలీట్ విషయంలో మీ భయం నూటికి నూరుపాళ్లు న్యాయం, అందుకే ఇది గట్టిగా చెప్తున్నాను. కేబుల్ అయినా వైఫై అయినా సరిచూడకుండా డిలీట్ చేయకూడదు. కేబుల్‌లో ఫైళ్లు పంపడానికి ఫోన్ వాడే ఎంటీపీ అనే పద్ధతి ఒకసారికి ఒక పనే చేస్తుంది, వేల ఫొటోలున్న ఫోల్డర్ తెరిస్తే బిగుసుకుపోతుంది, కేబుల్ కాస్త కదిలితే కాపీ ఆగుతుంది, ఆగిన చోటి నుంచి కొనసాగదు. సింక్‌థింగ్ లాంటి, రెండు పరికరాల్లో ఫోల్డర్లను తనంతట తానే ఒకేలా ఉంచే ప్రోగ్రామ్ ఫైల్‌ని ముక్కలు చేసి ప్రతి ముక్కనీ హ్యాష్‌తో (అందులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు) సరిచూస్తుంది, లింక్ తెగినా మిగిలిన ముక్కలే పంపుతుంది. రోజూ పని ఉన్నవాళ్లకి అది ఒక్కసారి అమర్చితే చాలు, రాత్రి ఒంటిగంటకి చేయాల్సిందేమీ ఉండదు. హ్యాష్ గొడవ వద్దనుకుంటే కనీసం రెండుచోట్లా సైజు బైట్లలో పోల్చి, వీడియో చివరి నిమిషం ప్లే చేసి చూడండి.

తెనాలి ఎడిటర్:
అందరికీ థ్యాంక్స్. ప్రైవేట్ చేశాక కనిపించని సమస్య పోయింది. ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్ పెట్టి, ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్‌లోకి మార్చాను, స్పీడ్‌లో చాలా తేడా ఉంది. కానీ ఆ పెద్ద క్లిప్ మాత్రం మళ్లీ ఫెయిల్. సైజు 5 జీబీ పైనే, ప్రతిసారీ 4 జీబీ దగ్గరే ఆగుతోంది. మా పార్ట్‌నర్ కేబుల్‌తో పెట్టినా అది హార్డ్‌డిస్క్‌లోకి రావట్లేదు!

వైజాగ్ నెట్‌వర్క్స్:
అయితే వైఫై తప్పు కాదు, కేబుల్ తప్పూ కాదు. హార్డ్‌డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి) ఏముందో చూడండి. ఫ్యాట్32 అని ఉంటుంది.

తెనాలి ఎడిటర్:
అవునండీ, ఫ్యాట్32. పాత టీవీకి పెట్టి చూపించడానికి ఎప్పుడో అలా ఫార్మాట్ చేయించాం.

వైజాగ్ నెట్‌వర్క్స్:
దాంట్లో ఒక్క ఫైల్ 4 జీబీకి మించి పట్టదు. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా అంతే, ఏ దారిన పంపినా అంతే. అందులో ఉన్నదంతా ముందు ఇంకో డిస్క్‌కి కాపీ చేసి, తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాత ఎక్స్‌ఫ్యాట్ గానీ, విండోస్‌లోనే వాడేట్టయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ కొడితే పాత పెళ్లిళ్లన్నీ పోతాయి, తొందరపడకండి. ఈ రాత్రికి మాత్రం ల్యాప్‌టాప్ సీ డ్రైవ్‌లో 6 జీబీ ఖాళీ చేసుకుని ఆ క్లిప్ అక్కడికే తెప్పించండి.

ఓరుగల్లు సర్వీస్:
ఇది నేను కూడా అడగాల్సింది. కానీ ఒక్కసారి పంపేటోళ్లకు కేబులే అని నేను ఇప్పటికీ అంట, రోజూ చేసేటోళ్లకు సింక్‌థింగ్ సరే. ఎడిటర్ అన్నా, ఫార్మాట్ కొట్టే ముందు ఆ డిస్క్ హెల్త్ కూడా చెక్ చేయించు, పాతదైతే పెళ్లి ఫుటేజీకి వాడకు.