శాస్త్రిగారి సోమవారం పూట

ప్రశ్న (బరంపురం): 1965లో తిండిగింజల కొరత, యుద్ధం ఒక్కసారిగా మీద పడినప్పుడు, వారానికి ఒక పూట భోజనం మానుకోవాలని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి కోరగా, ఒడిశా సరిహద్దులోని మన తెలుగు ఇళ్లలో దానిని ఎలా పాటించారో పెద్దలెవరైనా చెప్పగలరా?

జవాబు (పర్లాకిమిడి): మా నాయనమ్మ సోమవారం సాయంత్రం పొయ్యి వెలిగించేది కాదని, పిల్లలకు మాత్రం మధ్యాహ్నం మిగిలిన గంజన్నంలో ఉల్లిపాయ నంజుకోవడానికి ఇచ్చి, తాను మంచినీళ్లతో సరిపెట్టుకునేదని నాన్నగారు చెప్పేవారు. అమెరికా నుంచి పి.ఎల్. 480 అనే వాళ్ల ఆహార సాయం చట్టం కింద గోధుమలు దిగుమతి చేసుకుంటున్న రోజులవి.

జవాబు (రాయగడ): శాస్త్రిగారు ముందు తమ ఇంట్లో పాటించి చూశాకే దేశాన్ని అడిగారంటారు, అందుకే ఆ మాట చెల్లింది. అయితే కూలి చేసుకునే ఇళ్లకు పస్తు కొత్తేమీ కాదండి.

ప్రశ్నించినవారు: 1966 జనవరిలో ఆయన పోయాక కూడా సాగిందా?

పర్లాకిమిడి: మా ఇంట్లో కొన్నాళ్లు సాగిందట.