దొంగ ఆర్డర్ల ఐపీ దొరికింది, మనిషి దొరకడం లేదు. సాయం చేయండి

మంగళగిరి_చీరలు: రాత్రి పదింటి నుంచి దీని మీదే కూర్చున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. మా ఆవిడ నడిపే చీరల సైట్‌కి నెలన్నరగా దొంగ ఆర్డర్లు వస్తున్నాయి. అన్నీ క్యాష్ ఆన్ డెలివరీవే. పార్సిల్ వెళ్లేసరికి ఫోన్ స్విచ్చాఫ్. కవరు నలిగి, మూల చిరిగి వెనక్కి వస్తుంది. రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. ఇప్పటికి పదకొండు చీరలు ఇలా తిరిగొచ్చాయి. సైట్‌కి ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే సర్వర్ లాగ్ తీస్తే ఆ ఆర్డర్లన్నిటి దగ్గరా 162.158తో మొదలయ్యే ఐపీలే (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్ అడ్రస్సులు) ఉన్నాయి. ఒక మ్యాప్ సైట్‌లో వేస్తే హైదరాబాద్‌లో ఒక వీధి మీద గుర్తు పెట్టింది, ఇంకోటి ముంబై అంటోంది. మా బావమరిదిని ఆ వీధికి పంపాను. షట్టర్ దించిన టిఫిన్ సెంటర్, పక్కన పాల బూత్, అంతే. మాకు పోటీగా అమ్మే ఒకాయన అటువైపే ఉంటారు. ఆయనే అని నా అనుమానం. డోర్ నంబర్ దాకా చూపించే టూల్ ఏదైనా ఉంటే చెప్పండి, డబ్బు కట్టైనా తీసుకుంటాను.

నైట్‌షిఫ్ట్: అలాంటి టూల్ లేదు. లాగ్‌లో టైమ్, పోర్ట్ నంబర్ (ఐపీ పక్కన ఉండే ఇంకో నంబర్) ఉన్నాయా? సైట్ ముందు ఏం పెట్టారు, అంటే కస్టమర్‌కీ మీ సర్వర్‌కీ మధ్య ఏదైనా సర్వీసు ఉందా?

గోప్యత_ముఖ్యం: వాడు వీపీఎన్ వాడి ఉంటాడండీ. వీపీఎన్ పెడితే మీకు కనిపించేది ఆ కంపెనీ సర్వర్ అడ్రస్సే, మనిషిది కాదు. ఈ సందర్భంగా అందరికీ ఒక మాట. ఫ్రీ వీపీఎన్‌లు మాత్రం వేసుకోకండి. మీ ట్రాఫిక్ మొత్తం ముక్కూ మొహం తెలియని కంపెనీ చేతిలో పెడుతున్నట్టే. మా ఆఫీసులో కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా వినరు.

నైట్‌షిఫ్ట్: వీపీఎన్ అని ఎవరన్నారు? ముందు ఆయన్ని జవాబు చెప్పనివ్వండి.

పాత_మోడెమ్: అన్నా, ముందు ఆ మ్యాప్ గుర్తు సంగతి తెలుసుకోండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఐపీలో ఊరు, వీధి ఏమీ రాసి ఉండవు. నెట్ కంపెనీకి అడ్రస్సులు గుంపుగా ఇస్తారు. ఏ గుంపు ఎక్కడ వాడుకలో ఉందో మ్యాప్ సైట్లు రకరకాల ఆధారాలతో అంచనా వేస్తాయి. దేశం చాలావరకు సరిగ్గానే చెబుతాయి, ఊరి దగ్గరే తప్పుతాయి. ఒంగోలులో కూర్చుని మొబైల్ డేటా వాడితే హైదరాబాదో చెన్నైయో చూపించవచ్చు, ఎందుకంటే ఆ ట్రాఫిక్ బయటికి వెళ్లే గేటు అక్కడ ఉంటుంది. ఊరు కూడా తెలియకపోతే దేశం మధ్యలో ఎక్కడో ఒక గుర్తు పెట్టేస్తాయి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఒక పొలానికి ఇదే గతి పట్టింది. ఒక కంపెనీ తన డేటాబేస్‌లో దేశం మధ్యచోటు అంకెల్ని పూర్తి సంఖ్యలుగా మార్చి 38 అక్షాంశం, 97 రేఖాంశం అని పెట్టుకుంది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ పొలం మీద పడ్డాయి. దొంగ అక్కడే ఉన్నాడని పోలీసులు, మోసపోయినవాళ్లు ఏళ్ల తరబడి ఆ ఇంటికి వచ్చారు. 2016లో విషయం బయటపడ్డాక ఆ గుర్తును ఒక చెరువులోకి మార్చారు. ఆ పాల బూత్ ఆయన్ని ఏమీ అనలేదు కదా?

మంగళగిరి_చీరలు: లేదండీ, ఊరికే చూసి వచ్చేశాడు. కానీ ప్రతి ఐపీ ఒక్కరిదే కదా? పబ్లిక్ ఐపీ అంటే స్టాటిక్ అనే కదా?

పాత_మోడెమ్: కాదు. పబ్లిక్ అంటే బయటి ఇంటర్నెట్‌కి కనిపించేది. స్టాటిక్ అంటే మారనిది. రెండూ వేరు.

రౌటర్_రాజు: మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ది ఏడాదిగా అదే ఉంది, కాబట్టి స్టాటిక్కే.

పాత_మోడెమ్: మారలేదంటే మారదని కాదు బ్రదర్. కంపెనీ రాసిచ్చిందా?

నైట్‌షిఫ్ట్: ఇద్దరూ ఆగండి. పాత పద్ధతి (ఐపీవీ4) అడ్రస్సులు మొత్తం సుమారు 430 కోట్లే, ఎప్పుడో సరిపోకుండా పోయాయి. అందుకే మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఒకేసారి ఎంతోమందికి పంచుతాయి. ఫలానా సెకనులో, ఫలానా పోర్ట్ మీద ఉన్నది ఎవరో కంపెనీ లాగ్ చూస్తేనే తెలుస్తుంది. మళ్లీ అడుగుతున్నా, సైట్ ముందు ఏం ఉంది?

మంగళగిరి_చీరలు: క్లౌడ్‌ఫ్లేర్ ఉంది. సైట్ కట్టిన అబ్బాయి పెట్టాడు. దీనికీ దానికీ సంబంధం ఉందనుకోలేదు.

నైట్‌షిఫ్ట్: 162.158 క్లౌడ్‌ఫ్లేర్‌దే. మీరు రాత్రంతా వెతికింది మీ సైట్ గుమ్మం ముందున్న కాపలావాడి అడ్రస్. మామూలు కస్టమర్లు కూడా అదే గుంపులో కనిపిస్తారు, చూడండి. అసలు ఐపీ, ప్రతి రిక్వెస్ట్‌తో పాటు వచ్చే వివరాల్లో సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ అనే హెడర్‌లో వస్తుంది, దాన్ని లాగ్‌లో రాయమని ఆ అబ్బాయికి చెప్పండి.

మంగళగిరి_చీరలు: నిజమే. మా అక్క పెట్టిన ఆర్డర్ దగ్గరా 162.158 అనే ఉంది. ఆ పోటీ ఆయన పేరు మా చేనేత గ్రూపులో పెడదామని మెసేజ్ టైప్ చేసి ఉంచాను. ఇప్పుడే తీసేశాను.

కోర్టు_పక్షి: మంచి పని చేశారు. రేపు అసలు ఐపీ దొరికినా, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో నెట్ కంపెనీ మీకు చెప్పదు. పోలీసులు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడగాలి. పాత సీఆర్‌పీసీలో అది 91. కనెక్షన్ యజమాని పేరు తెలిసినా ఆర్డర్ పెట్టింది ఆయనేనని తేలదు. ఇంట్లో వైఫై ఎవరైనా వాడి ఉండొచ్చు. టైమ్, పోర్ట్‌తో లాగ్ భద్రం చేసి, తిరిగొచ్చిన పార్సిళ్ల రసీదులు జతచేసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆలస్యం చేయొద్దు, లాగ్‌లు ఎల్లకాలం ఉంచరు.

గోప్యత_ముఖ్యం: అయినా వీపీఎన్ అయితే అసలు ఐపీ కూడా పనికిరాదు.

అత్తిలి_స్వీట్స్: మాకూ ఇలాగే జరిగిందండీ. ఐపీ జోలికి పోకుండా క్యాష్ ఆన్ డెలివరీకి ఓటీపీ పెట్టాం, వంద రూపాయలు ముందు కట్టమన్నాం. బేరం కాస్త తగ్గింది, నిజమే. కానీ తిరిగొచ్చే డబ్బాలు దాదాపు ఆగిపోయాయి.

మంగళగిరి_చీరలు: ఓటీపీ పెట్టించాను, నిన్నటి నుంచి ఒక్క దొంగ ఆర్డరూ రాలేదు. హెడర్ సంగతి ఆ అబ్బాయి ఆదివారం చూస్తానన్నాడు. థాంక్సండీ అందరికీ.

రౌటర్_రాజు: కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడిగాను, మాది స్టాటిక్ కాదట.