టర్బో మార్చినా ఘాట్‌లో లాగని సెకండ్ హ్యాండ్ లారీ: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

ప్రశ్న (యర్రగుంట్ల నుంచి):
అందరికీ నమస్కారం. ఏడు నెలల కిందట 2021 మోడల్, బీఎస్-6 పది టైర్ల లారీని బ్రోకర్ ద్వారా కొన్నాను. సిమెంటు లోడుతో కడప మీదుగా రాయచోటి, మదనపల్లెలకు తిప్పుతున్నాను. లోడింగ్ రోజుల్లో బండి ఫ్యాక్టరీ ముందు లైనులో గంటల కొద్దీ స్టార్టింగ్‌లోనే నిలబడుతుంది. రెండు నెలలు బాగానే నడిచాక గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ పడిపోయింది, మీటరు బోర్డులో పసుపు దీపం వెలిగింది. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఆయిల్ కారుస్తోందని మెకానిక్ చెబితే కొత్తది వేయించాను. ఐదు వారాలకే మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. ఇప్పుడు ఇంజన్ దింపాలంటున్నారు. ఇంకా 31 కంతులు కట్టవలసి ఉంది. బాగు చేయించడమా, వచ్చిన ధరకు అమ్మేయడమా, తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (అనంతపురం, డీజిల్ మెకానిక్):
దయచేసి ఇంజన్ అప్పుడే దింపించవద్దు. కొత్త టర్బో ఐదు వారాల్లో పోయిందంటే దాన్ని ఏదో చంపుతోంది, అది దొరకకుండా ఎన్ని టర్బోలు మార్చినా డబ్బు దండగే. బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండిలో పొగలోని మసిని పట్టుకునే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే దాదాపు 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి, లైనులో నిలబడిన బండికి ఆ వేడి రాదు. అందుకని చాలా బండ్లలో ఇంజనే కాస్త ఎక్కువ డీజిల్ చిమ్మి మసిని కాల్చడానికి ప్రయత్నిస్తుంది. ఆ పని మధ్యలో ఆగిపోయినప్పుడల్లా కాలని డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడితే టర్బో బేరింగులు అరుగుతాయి, టర్బో కార్చిన ఆయిల్ పోయి అదే ఫిల్టరును ఇంకా మూసేస్తుంది.

రేపు ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉండి, వేళ్లకు రాసుకుంటే డీజిల్ వాసన వస్తే నా అనుమానం నిజమే. తర్వాత స్టార్ట్ చేసి, ఆయిల్ పోసే మూతను తిప్పి తీసి అదే రంధ్రం మీద బోర్లించి ఉంచండి: అది ఎగిరి పడిపోతే పిస్టన్ రింగులు పోయినట్టు, కొద్దిగా అదురుతూ నిలబడితే బోరు (పిస్టన్ ఆడే గొట్టం) ఇంకా బాగున్నట్టు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల రిటర్న్ (వాటి నుంచి వెనక్కి వచ్చే డీజిల్) కూడా కొలిపించండి, కారే ఇంజెక్టరు వల్లా ఆయిల్‌లో డీజిల్ కలుస్తుంది. పొగను శుద్ధి చేయడానికి పోసే యూరియా ఖర్చు మిగుల్చుకోవడానికి పాత యజమానులు, యూరియా ఉన్నట్టు బండిని నమ్మించే దొంగ పెట్టెలు వైరింగులో బిగించిన బండ్లు నా షెడ్డుకు చాలా వచ్చాయి, ఆ వైర్లు కూడా ఒకసారి చూపించుకోండి.

జవాబు 2 (కర్నూలు, మూడు లారీల యజమాని):
పై అన్న చెప్పింది ముందు చేయండి. మన దెబ్బంతా స్పేర్ల బిల్లులో కనిపించదు. నా రెండో బండి 40 రోజులు షెడ్డులో ఉన్నప్పుడు బాడుగలు పోయాయి, మంచి డ్రైవరు వేరే బండి ఎక్కాడు, కంతు మాత్రం తేదీకి సరిగ్గా వచ్చింది. అందుకే సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు రెండు మూడు కంతుల డబ్బు విడిగా పెట్టుకోవాలని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను.

కాగితాలు కూడా చూసుకోండి. బండిని పేరు మార్పించే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకొని ఊరుకున్నారా, ఆర్‌సీ మీ పేరుకు మారిందా? కొన్న 14 రోజుల్లోగా బీమాను మీ పేరుకు మార్చమని అడగకపోతే, రేపు ఘాట్‌లో బండి పడినప్పుడు మీ నష్టానికి క్లెయిము రాకపోవచ్చు. అమ్మదలిస్తే ఈ లోపం చెప్పే అమ్మండి. లోడు బండి ఘాట్‌లో నిలిచిపోతే ప్రాణాలతో చెలగాటం.

ప్రశ్నించినవారు మళ్లీ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. డిప్‌స్టిక్‌లో ఆయిల్ పై గీతకు వేలెడు ఎత్తున ఉంది, డీజిల్ వాసన స్పష్టంగా వచ్చింది. మూత అదిరింది కానీ పడలేదు. ఇంజెక్టర్ల రిటర్న్ సమంగానే ఉంది. మసి కాలేటప్పుడు లైనులో వేడి గాలి కొడుతోందని పక్క బండ్లవారు అరిస్తే ఇంజన్ ఆపేసేవాణ్ణని డ్రైవరు ఒప్పుకున్నాడు. ఫిల్టరు విప్పి శుభ్రం చేయడానికి ఇచ్చాను, ఆయిల్ మార్పించాను, టర్బో ఆయిల్ పైపులు విప్పి కడిగించాను. బీమా నా పేరు మీదే ఉంది, ఆర్‌సీ మాత్రం ఇంకా మారలేదు; సోమవారం కడపకు వెళ్లి ఆ పని చూస్తాను. బండిని ఇప్పుడే అమ్మను. ఘాట్ ఒకసారి ఎక్కించాక ఆయిల్ మట్టం ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.