అప్‌డేట్: రెండువైపులా ఒకేలా కనిపించే జాలీ స్కార్ఫ్ పూర్తయింది

బెంగళూరులో డిసెంబరు ఉదయాల్లో అమ్మ నడకకు వెళ్ళేటప్పుడు మెడకు చుట్టుకోవడానికి, తిరగేసినా వెనకవైపు అని తెలియని జాలీ (వలలా రంధ్రాలుండే) అల్లిక ఏదైనా ఉందా అని ఇక్కడ అడిగాను. పర్స్ స్టిచ్ అనే రెండు సూదుల అల్లిక ప్రయత్నించమని సూచించినవారికి మనఃపూర్వక కృతజ్ఞతలు.

సరి సంఖ్యలో కుట్లు వేసుకుని, ప్రతి వరుసలోనూ మొదట ఒక నిట్ (దారం వెనక ఉంచి వేసే సాదా కుట్టు), ఆపై చివరి కుట్టు వరకు యార్న్ ఓవర్ (సూదికి దారం చుట్టి రంధ్రం వచ్చేలా వేసే అదనపు కుట్టు), రెండు కుట్లు కలిపి పర్ల్ (దారం ముందు ఉంచి వేసే కుట్టు), ఈ రెండే మళ్ళీ మళ్ళీ వేస్తూ, చివర మళ్ళీ ఒక నిట్ వేస్తే చాలు. రెండు వైపులా ఇదే వరుస కాబట్టి స్కార్ఫ్‌కు ఎదురు, వెనక అనే తేడా ఉండదు, అంచులూ చుట్టుకుపోవు. శ్రద్ధ పెట్టవలసింది ఒక్కచోటే: పర్ల్ తరువాత దారం ముందువైపే ఉంటుంది కనుక, దానిని కుడి సూది మీదుగా పూర్తిగా ఒక చుట్టు తిప్పి తిరిగి ముందుకు తెచ్చినప్పుడే యార్న్ ఓవర్ ఏర్పడుతుంది. వరుస చివర కుట్లు లెక్కపెడితే ఏది తప్పినా వెంటనే తెలుస్తుంది.

అక్రిలిక్ (కృత్రిమ నూలు) కంటే ఉన్నినే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. తడిపి, సాగదీసి, పిన్నులు గుచ్చి ఆరబెడితే ఉన్ని రంధ్రాలు విచ్చుకుని అలాగే నిలుస్తాయి. అక్రిలిక్ నీటితో అలా నిలవదు. నేను 4 మి.మీ. సూదులు వాడాను. ముగింపు వరుసకు మాత్రం 5 మి.మీ. సూది తీసుకోండి, లేకపోతే ఆ అంచు బిగుసుకుపోతుంది.