మెట్ట రైతు పంట మానేసి జీవాలు పెట్టుకోవచ్చా?

కనిగిరి మెట్ట:
మాది వాన మీదే ఆధారపడ్డ నాలుగెకరాలు. కంది, సజ్జ వేస్తాం. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద 1901 తర్వాత ఎన్నడూ లేనంత తక్కువ వాన పడింది కదా, అప్పుడే మా కంది మాడిపోయింది. ఆ అప్పు ఇంకా తీరలేదు. పొలం బీడు పెట్టి గొర్రెలు కొందామని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండన్నా.

పొదిలి మంద:
మీ తమ్ముడి మాటే సరైంది. 2019 పశుగణనలో దేశంలో 7.4 కోట్ల గొర్రెలు తేలితే, తెలంగాణ తర్వాత ఎక్కువ ఉన్నది మన రాష్ట్రంలోనే. పంట పోతే పెట్టుబడంతా ఒక్కసారే పోతుంది. మంద ఉంటే నాలుగు పొట్టేళ్లు అమ్మి పిల్లల ఫీజులు కట్టుకోవచ్చు. మన నెల్లూరు జోడిపి రకం గొర్రె ఎండకు తట్టుకుంటుంది, మేత కోసం ఎంత దూరమైనా నడుస్తుంది.

ఉదయగిరి పక్క ఊరు:
జీవాలు వద్దని నేను అనను, మా ఇంట్లోనూ ఉన్నాయి. పొలం బీడు పెట్టడమే తప్పంటాను. కందిని మాడ్చిన ఎండ బీళ్లలో గడ్డిని వదిలిపెడుతుందా? మేత లేక ఊళ్లన్నీ ఒకేసారి సంతకు తోలితే అడిగే నాథుడు ఉండడు. 2022 మార్చి ఎండలకు ఉత్తరాదిన గోధుమ దిగుబడి తగ్గింది, మే నెలలో ఎగుమతులు ఆపేశారు. అది అందరికీ తెలుసు. గింజతో పాటు గోధుమ పొట్టూ తగ్గి, మేత ధరలు పెరిగి అక్కడి పాడి రైతులు అల్లాడిపోయారు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, నాకు బాధనిపించేది అదే.

కనీసం రెండెకరాల్లో జొన్న, సజ్జ వేయండి. గింజ పట్టకపోయినా చొప్ప దక్కుతుంది. గట్ల మీద అవిశ, సుబాబుల్ పెట్టండి, కాకపోతే సుబాబుల్ ఆకు మేతలో మూడో వంతు దాటకూడదు. మందను చిన్నగా మొదలుపెట్టండి. చిటుకు రోగానికి, నీలి నాలుకకు వానలకు ముందే టీకాలు వేయించండి.

పొదిలి మంద:
జొన్నకూ వాన కావాలి కదన్నా! వాన లేని ఏడాది మావాళ్లు మందను తోలుకుని మాగాణి వైపు వెళ్తారు. కోసిన వరి మళ్లలో మేపుకుంటారు. పొలంలో మంద కడితే ఎరువు కోసం ఆ రైతే డబ్బులిస్తాడు.

ఉదయగిరి పక్క ఊరు:
నిజమే, కానీ నెలల తరబడి వలస ఉండగలిగిన మనిషి ఇంట్లో ఉండాలి. సోమశిల డ్యాం నిండని ఏడాది పెన్నా కింద మాగాణి సాగూ తగ్గిపోతుంది, అప్పుడు అన్ని మందలూ ఉన్న ఆ కాస్త మళ్ల మీదే పడతాయి. జొన్నకు వాన కావాలి, ఒప్పుకుంటాను. కానీ కంది కంటే ముందే మేతకు కోసుకోవచ్చు.

కనిగిరి అన్నా, ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. నీటి ఎద్దడికి వడలిన లేత జొన్నలోకి మందను తోలకండి. అందులో విషం ఉంటుంది, మేసిన కాసేపటికే జీవాలు పడిపోతాయి. పూత దాటాక కోసి, బాగా ఎండబెట్టి వేయండి.